మాట పోయిన 19 రోజులు

నాకు 19 ఏళ్ళప్పుడు యవ్వనస్తుల కూడికలో వాక్యం చదవమన్నారు. లేచి చదివాను. చదవడం ముగించి తలెత్తేసరికి వెనక వరుసలో ఒక పెద్దావిడ కళ్ళు తుడుచుకుంటోంది. "దేవుడు నీ గొంతును వాడుకుంటాడు బాబూ" అంది. ఆ మాట పట్టుకునే, చదువయ్యాక వచ్చిన ఉద్యోగం వదిలేసి బైబిల్ కాలేజీలో చేరాను. 23 ఏళ్ళు సేవ చేశాను. నా పిలుపు నా గొంతులోనే ఉందని నమ్మాను.

అలాంటి రోజుల్లో నాకు విరేచనాలు పట్టుకున్నాయి. అవి తగ్గిన రెండు వారాలకు పాదాల్లో తిమ్మిరి మొదలైంది. ఆదివారం ప్రసంగం మధ్యలో మోకాళ్ళు వంగిపోతుంటే పుల్పిట్ పట్టుకుని నిలబడ్డాను. మర్నాడు చూసిన డాక్టరు, నేను పాస్టర్నని తెలిసి, "ఉపవాసాలు ఎక్కువైనట్టున్నాయి, నీరసం" అని విటమిన్ ఇంజెక్షన్ రాశాడు. మోకాలి మీద చిన్న సుత్తితో ఒక్కసారి కొట్టి చూసినా, కాలు ఎగరకపోవడం చూసి అనుమానం వచ్చేది. ఆయన మీద కోపం నాకింకా పూర్తిగా పోలేదు. ప్రార్థనలో పెడుతూనే ఉన్నాను.

రెండు రోజుల్లో బలహీనత తొడలకూ, చేతులకూ పాకింది. పెద్దాసుపత్రిలో నరాల డాక్టరమ్మ జబ్బు పేరు చెప్పింది. గిలియన్ బారే సిండ్రోమ్. ఇన్ఫెక్షన్‌తో పోరాడాల్సిన రోగనిరోధక శక్తి దారితప్పి సొంత నరాల మీదే పడుతుందట. వెన్నులోంచి నీరు తీశారు, 5 రోజులు ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే మందు ఎక్కించారు. అవేవీ ఇప్పుడు సరిగా గుర్తులేవు.

ఆ మొదటి రాత్రి మాత్రం గుర్తుంది. ఊపిరి తీసుకునే కండరాలు ఎంత పనిచేస్తున్నాయో తెలియడానికి, ఒక్క ఊపిరిలో ఎంతవరకు లెక్కపెట్టగలనో చూసేవారు. సాయంత్రం 24. పదింటికి 17. ఒంటిగంటకు 11. మైకు లేకుండా గంటసేపు ప్రసంగించినవాణ్ణి! నా భార్య పక్కన నిలబడి నాతో పాటే పెదవులు కదిపింది, నన్ను ఇంకో అంకె ముందుకు లాగాలని. 8 దగ్గర ఆగిపోయాను. ఊపిరి ఆడించే యంత్రం కోసం గొంతులోకి గొట్టం వేసేముందు ఆమెతో ఏమైనా చెప్పమన్నారు. ఏ మాటా రాలేదు. ప్రార్థన కూడా రాలేదు. భయం ఒక్కటే ఉంది. సంఘంలో సాక్ష్యం చెప్పినప్పుడు ఈ సంగతి దాటేశాను. ఇప్పుడు చెబుతున్నాను.

తర్వాత 19 రోజులు మాట లేదు. ఈ జబ్బులో ఒళ్ళు కదలకపోయినా తెలివి ఉంటుంది, చెవులు వింటాయి. చూడటానికి వచ్చేవాళ్ళు అది మరిచిపోతారు. పదో రోజు సంఘ పెద్ద ఒకాయన నా మంచం పక్కనే నిలబడి నా భార్యతో అన్నాడు, "అయ్యగారిలో ఏదో దాచుకున్న పాపం ఉందమ్మా. లేకపోతే సేవకుడి గొంతునే దేవుడు ఎందుకు మూస్తాడు?" నా కంటి నీళ్ళు చెవిలోకి కారాయి. పశ్చాత్తాపం అనుకుని ఆయన స్తోత్రం చెప్పాడు.

ఆ రాత్రంతా మనసులో ఆయనకు జవాబులు కట్టుకున్నాను. తెల్లవారుజామున, ఎక్కడినుంచి వచ్చిందో, ఒక ముఖం గుర్తొచ్చింది. చాలా ఏళ్ళ కింద కాన్సర్‌తో ఉన్న ఒక చిన్నపిల్లల తల్లి. "ఒప్పుకోవలసింది ఏదైనా ఉంటే ఒప్పుకో అమ్మా" అన్నాను ఆమెతో. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. మూడు నెలలకు చనిపోయింది. బైబిల్లో, ఏ తప్పూ చేయకుండానే కష్టాలపాలైన యోబు స్నేహితులు ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు నోరెత్తకుండా అతని దగ్గర నేలమీద కూర్చున్నారు. వాళ్ళు నోరు తెరిచి నీ పాపమే కారణమన్నాకే అతనికి కొత్త బాధ మొదలైంది. దీని మీద నేనే ఎన్నిసార్లు ప్రసంగించానో.

ఆ వార్డులో రాత్రి డ్యూటీ నర్సు ఒకమ్మాయి ఉండేది. "అయ్యగారూ, ఇప్పుడు కఫం తీస్తాను, పది సెకన్లు ఓర్చుకోండి" అని ప్రతిసారీ ముందే చెప్పేది. నేను జవాబు చెప్పలేనని తెలిసీ చెప్పేది. ఆమె కోసం ఈరోజుకీ దేవుణ్ణి స్తుతిస్తాను.

ఊపిరి కోసం గొంతుకు పెట్టిన రంధ్రం మూసి మాట్లాడమన్న రోజున "నీళ్ళు" అన్నాను. నా భార్య నేలమీద కూలబడి ఏడ్చింది. 5 నెలలకు కర్ర సాయంతో నడిచాను. పాదాలు ఇప్పటికీ మొద్దుబారే ఉంటాయి. జ్వరమో విరేచనాలో తగ్గాక రెండు కాళ్ళలో బలహీనత కిందినుంచి పైకి పాకుతుంటే దయచేసి ఆగకండి, నరాల డాక్టరు ఉన్న ఆసుపత్రికి వెళ్ళండి. ప్రార్థన దారిలోనూ చేసుకోవచ్చు.

నడవగలిగాక మొదట వెళ్ళింది ఆ తల్లి ఇంటికే. ఆమె భర్తతో, "ఆరోజు నేనన్నది తప్పు, దేవుడి మాట కాదు" అన్నాను. క్షమించానని ఆయన అనలేదు. కుర్చీ వేశాడు. పిల్లలు బడినుంచి వచ్చేదాకా ఇద్దరం మాట్లాడకుండా కూర్చున్నాం. అప్పటినుంచి నెలకోసారి వెళ్తున్నాను. ఆయన అడిగితే తప్ప ప్రార్థన చేయకూడదని నిర్ణయించుకున్నాను. ఇంకా అడగలేదు.