తుమ్ముకీ టెన్షనే
తాలింపులో ఎండుమిర్చి ఘాటుకి తుమ్ము వస్తే చాలు, కాళ్లు మెలేసుకుని వంటగట్టు పట్టుకునేదాన్ని. అయినా మూత్రం చుక్కలు పడేవి. "పిల్లలు పుట్టాక అందరికీ అంతేనమ్మా" అనేవారు అత్తయ్య. ఆవిడ ఏళ్లుగా అలాగే సర్దుకుపోతున్నారు మరి!

నాది సిజేరియన్. "ఆపరేషన్ అయితే కింద ఏ ఇబ్బందీ ఉండదు" అని మావాళ్లంతా ధీమాగా చెప్పారు. నార్మల్ కాన్పుతో పోలిస్తే ముప్పు తక్కువే, కాదనను. కానీ తొమ్మిది నెలలూ బరువు మోసింది మూత్రాన్ని ఆపి ఉంచే కటి కండరాలే కదా. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే, దేశం మొత్తం మీద 21.5. మా ఇంట్లో ముహూర్తం మీద జరిగిన చర్చలో పావు వంతు కూడా ఈ కండరాల మీద జరగలేదు.

చివరికి ఫిజియోథెరపిస్ట్ ఈ కండరాలకి వ్యాయామం నేర్పింది. గ్యాస్ ఆపుకున్నట్టు లోపలికి, పైకి బిగించాలి. ఊపిరి బిగబట్టకూడదు, పిరుదులు బిగించకూడదు. వదిలేటప్పుడు పూర్తిగా వదలాలి. మూత్రం మధ్యలో ఆపి ప్రాక్టీస్ చేయొద్దంది. రోజుకి మూడు పూటలా, కనీసం మూడు నెలలు.

ఇప్పుడు చాలా నయం. రెండో కాన్పు ఎలాగన్నది ఇంకా తేల్చుకోలేదు. వచ్చే వారం అత్తయ్యని కూడా ఆ ఫిజియోథెరపిస్ట్ దగ్గరికే తీసుకెళ్తున్నా.