ఫ్యాక్టరీ బ్యారెల్ ఊడదీసేటప్పుడు కాపాడుకోవాల్సింది రిసీవర్‌ని

టెక్సాస్‌లో రేంజ్‌కి వచ్చే మనవాళ్ళలో ఒక తమ్ముడు తన రెమింగ్టన్ 700 రైఫిల్‌కి కొత్త బ్యారెల్ (గుండు దూసుకెళ్ళే గొట్టం) కొన్నాడు, "అన్నా పాతది తిప్పి తీసేసి ఇది బిగించడమే కదా, పెద్ద రెంచ్ ఒకటుంటే చాలదా" అని అడిగాడు. చాలదు తమ్ముడూ. ఫోన్లో చెప్తే సగమే అర్థమవుద్ది, అందుకే ఇక్కడ రాస్తున్నా.

బోల్ట్ యాక్షన్ అంటే తెలియనివాళ్ళకి, మన పోలీస్ స్టేషన్లలో ఒకప్పుడు కనిపించిన త్రీనాట్‌త్రీ గుర్తు తెచ్చుకోండి, ప్రతి గుండుకీ చేత్తో బోల్ట్ లాగి తొయ్యాలి. ఆ బోల్ట్ కదిలే ఉక్కు గొట్టమే రిసీవర్, దాని ముందు భాగంలోకి బ్యారెల్ థ్రెడ్స్‌తో బిగించి ఉంటుంది. అమెరికా చట్టంలో తుపాకి అంటే ఆ రిసీవరే, సీరియల్ నంబర్ దానిమీదే ఉంటుంది, బ్యారెల్ ఒక విడిభాగం మాత్రమే, నేరుగా ఇంటికి పార్శిల్ వచ్చేస్తుంది. పైగా బ్యారెల్ ఎలాగూ అరిగిపోయేదే, 6.5 క్రీడ్‌మోర్ అనే తూటాతో పోటీలకి కాల్చేవాళ్ళకి రెండు మూడు వేల రౌండ్లకే గురి చెడిపోవడం మొదలవుద్ది. రిసీవర్ అలా కాదు, వంగకుండా చూసుకుంటే ఎన్ని బ్యారెళ్ళయినా మారుస్తుంది. కాబట్టి మొత్తం పనిలో నా లెక్క ఒకటే, పాత బ్యారెల్ ఏమైపోయినా పర్లేదు, రిసీవర్ మాత్రం మెలి తిరక్కూడదు.

1962లో వచ్చిన ఈ 700లో లాకింగ్ నట్ లాంటిదేమీ లేదు. బ్యారెల్ భుజానికీ (థ్రెడ్స్ మొదలయ్యే చోట ఉండే మెట్టు) రిసీవర్ ముందు అంచుకీ మధ్య రికాయిల్ లగ్ అనే పలక ఇరుక్కుని ఉంటుంది, ఆ మూడూ ఒకదాన్నొకటి నొక్కుకున్న ఒత్తిడే పట్టు. దానికి ఏళ్ళ తరబడి తుప్పు, పాత నూనె తోడైతే ఇంక కదలదు. సావేజ్ 110 రైఫిల్ ఉన్నవాళ్ళకి ఈ బాధ తక్కువ, 1958 నుంచీ దానికి బ్యారెల్ నట్ ఉంది, నట్ వదులు చేస్తే పని చాలావరకు అయిపోయినట్టే.

మొదట బోల్ట్ బయటికి తీసి చాంబర్ (బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోటు) ఖాళీగా ఉందో లేదో కళ్ళతో చూసి, వేలు పెట్టి కూడా చూడాలి. తర్వాత స్కోప్, స్టాక్, ట్రిగ్గర్ అన్నీ విప్పెయ్యాలి, ట్రిగ్గర్ ఎందుకంటే నూనె, వేడి దాంట్లోకి పోకూడదు. లగ్ దగ్గర పెనెట్రేటింగ్ ఆయిల్, అంటే సందుల్లోకి ఇంకి తుప్పు వదిలించే నూనె, వేసి ఒక రాత్రి వదిలెయ్యండి.

అసలు కథంతా పట్టుకునే దగ్గరే ఉంది. బ్యారెల్‌ని మామూలు వైస్‌లో (బిగించి పట్టే పనిముట్టు) కాదు, గుండ్రటి బ్యారెల్‌ని పట్టడానికే చేసిన బ్యారెల్ వైస్‌లో, రిసీవర్‌కి ఎంత దగ్గరగా వీలైతే అంత దగ్గర, బాగా లావుగా ఉన్నచోట పట్టాలి. వైస్‌కీ బ్యారెల్‌కీ మధ్యలో అల్యూమినియం బుషింగ్ (తొడుగు), జారకుండా రోజిన్ అనే బంక పౌడర్. వైస్ బెంచీకి, బెంచీ గోడకో నేలకో గట్టిగా బోల్ట్ వేసి ఉండాలి, లేకపోతే మీ బలమంతా బెంచీని ఊపడానికే పోద్ది. రిసీవర్‌కేమో దాని ముందు రింగ్‌ని బయట నుంచి చుట్టి పట్టే రెండు ముక్కల యాక్షన్ రెంచ్ వాడండి. వెనక నుంచి లోపలికి దూర్చే రెంచ్‌తో బలం ఇస్తే రిసీవర్ మధ్యలో పలచగా, తెరిచి ఉన్న భాగం మెలి పడే ప్రమాదం ఉంది, ఫ్యాక్టరీ బిగుతుకి నేను ఆ రిస్క్ తీసుకోను. వెనక నుంచి చూస్తూ రిసీవర్‌ని ఎడమ వైపుకి, అంటే గడియారానికి ఎదురు దిశలో తిప్పాలి. మెల్లగా గుంజుతూ ఉండే కన్నా రెంచ్ హ్యాండిల్ మీద బరువైన డెడ్ బ్లో సుత్తితో (కొట్టాక ఎగిరి వెనక్కి రాని రకం) ఒక్క దెబ్బ కొడితే చాలాసార్లు టక్కున వదులుద్ది.

వదల్లేదా, పైపు తగిలించి ఇంకా పొడుగు చేసి వేలాడొద్దు. లోపల థ్రెడ్ లాకర్ (థ్రెడ్స్‌ని అతికించే జిగురు) ఉందని అనుమానముంటే హీట్ గన్‌తో కొంచెం వేడి చెయ్యొచ్చు, కానీ టార్చ్ పెట్టి ఉక్కు రంగు మారేదాకా కాలిస్తే మాత్రం రిసీవర్ హీట్ ట్రీట్‌మెంట్ పోతుంది, కాల్చేటప్పుడు బోల్ట్‌ని పట్టి ఉంచే పళ్ళు, అంటే బోల్ట్ లగ్స్, ఆనే చోటు అది, దాని బలం మీదే మీ ముఖం భద్రంగా ఉండేది. అప్పటికీ రాకపోతే లేత్ మెషీన్ ఉన్న గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసేవాడు) దగ్గరికి తీసుకెళ్ళండి, లగ్‌కి కాస్త ముందు బ్యారెల్ చుట్టూ ఒక గాడి కోస్తారు. భుజం దగ్గర ఒత్తిడి పోయాక అంత మొండిదీ దాదాపు చేత్తో తిరిగొచ్చేస్తుంది. బ్యారెల్ పనికిరాకుండా పోద్ది నిజమే, తీసెయ్యడానికే కదా తెచ్చింది. టిక్కా లాంటి, బ్యారెల్ బాగా బిగుతుగా వచ్చే రైఫిళ్ళకి మొదటే ఈ దారి అడగమంటా.

కొత్తది బిగించాక హెడ్‌స్పేస్, అంటే మూసిన బోల్ట్‌కీ చాంబర్‌లో తూటా ఆనే చోటుకీ మధ్య దూరం, చూడకుండా ఒక్క రౌండ్ కూడా వెయ్యొద్దు. దాన్ని తూటా ఆకారంలో ఉండే ఉక్కు కొలతముక్కలు, అంటే గేజ్‌లు, పెట్టి చూస్తారు. .308 తూటాకి గో గేజ్ 1.630 అంగుళాలు, నో-గో 1.634. బోల్ట్ ముఖంలోంచి ఎజెక్టర్ (ఖాళీ తూటాని బయటికి తోసే స్ప్రింగ్ పిన్ను) తీసేసి చూస్తే, గో మీద బోల్ట్ మూసుకోవాలి, నో-గో మీద మూసుకోకూడదు. మధ్యలో ఉన్న తేడా అంగుళంలో వెయ్యింట నాలుగు వంతులే, కంటి అంచనాకి అందేది కాదు.

ఇండియాలో చదివేవాళ్ళు మాత్రం ఇది చదివి వదిలెయ్యండి, ఆయుధాల చట్టం 1959 కింద విడిభాగాలు కూడా ఆయుధాలే, రిపేర్ పనికి లైసెన్స్ ఉన్న డీలరే చెయ్యాలి. ఇక్కడున్నవాళ్ళు కూడా పాత మిలిటరీ మౌజర్లు, ఇషాపూర్‌లో తయారైన ఎన్‌ఫీల్డ్‌లు దొరికితే వాటి బ్యారెల్ జోలికి పోవద్దని నా మనవి, భాగాలన్నిటి మీదా ఒకే నంబరు ఉన్న రైఫిల్‌ని విడదీస్తే మళ్ళీ ఆ రైఫిల్ దొరకదు.