లాసీ నుంచి లేసీ దాకా

బర్మింగ్‌హామ్‌లో మా వీధి చివర ఉండే పెద్దావిడ ఇంటిపేరు లేసీ. మేము కొత్తగా వచ్చినప్పుడు నా పేరు ఎలా పలకాలో అడిగి మరీ నేర్చుకున్నారు. మా ఇంటిపేరు ఒక ఊరి పేరని, మా పెద్దవాళ్ళు ఎప్పుడో ఆ ఊరు వదిలి వచ్చేశారని చెప్పాను. "మాది లేసులు అల్లే వాళ్ళ ఇల్లేమో" అన్నారావిడ. ఆ రాత్రి కూర్చుని చదివాను. లేసు అల్లికకీ ఆ పేరుకీ సంబంధమే లేదు. అదీ ఊరి పేరే. ఫ్రాన్స్‌లోని నార్మండీలో లాసీ అని ఒక చిన్న పల్లె ఉంది. 1066లో నార్మండీ డ్యూక్ విలియం ఇంగ్లండును గెలిచాక ఇక్కడ భూములు పొందినవాళ్ళలో ఆ పల్లెకు చెందిన అన్నదమ్ములు ఇల్బర్ట్, వాల్టర్ ఉన్నారు. వాళ్ళని 'ద లాసీ' అనేవాళ్ళు, అంటే లాసీ వాళ్ళు.

ఆ చిన్న 'ద' దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మనకి ఆ పని చేసేది అక్షరం మీద పెట్టే గుడి. కందుకూరు అనే ఊరు ఇంటిపేరయ్యేసరికి కందుకూరి అవుతుంది. రాజమండ్రిలో పుట్టిన వీరేశలింగం గారి పేరు ముందు కందుకూరు అలాగే వచ్చి కూర్చుంది. నండూరు నండూరి అవుతుంది, వేటూరు వేటూరి అవుతుంది. 'ఆ ఊరి' అన్న మాట మన ఇంటిపేర్లలో ఇంకా వినిపిస్తుంది. లేసీ వాళ్ళకి మాత్రం ఆ 'ద' మధ్యలో ఎక్కడో రాలిపోయింది. అందుకే తనది ఒక ఊరి పేరని ఆవిడకి తెలియలేదు. ఆవిడ ఆ ప్రభువుల వంశమే అని నేను అనడం లేదు. ఆ పేరు ఎక్కడ పుట్టి ఎలా నడిచిందో చూడాలనిపించింది, అంతే.

ముందు దగ్గర్లో ఉన్నదానికి, రైల్లో లడ్లోకి వెళ్ళాను. వేల్స్ సరిహద్దు దగ్గర గుట్ట మీద ఉన్న అక్కడి కోటను కట్టింది వాల్టర్ సంతతి. లోపలి ఆవరణలో గుండ్రటి ప్రార్థనాలయం ఒకటి ఉంది, కప్పు లేదు. దాని తలుపు చుట్టూ చెక్కిన వంపుల్ని చేత్తో తడిమి చూశాను. వాల్టర్ మాత్రం యుద్ధంలో పోలేదు. 1085లో హెర్‌ఫర్డ్‌లో తాను కట్టిస్తున్న చర్చి పని చూడ్డానికి పరంజా ఎక్కి, అక్కణ్ణుంచి పడి చనిపోయాడు.

నేను అసలు వచ్చింది కోట కోసం కాదు, దానికి ఉత్తరాన ఉన్న స్టాంటన్ లేసీ కోసం. కోర్వ్ అనే చిన్న ఏటి పక్కన కొన్ని ఇళ్ళు, ఒక చర్చి, అంతే ఊరు. 1086లో విలియం రాజు రాయించిన డూమ్స్‌డే అనే భూముల లెక్కల్లో దీని పేరు ఉత్త స్టాంటన్. అంటే రాళ్ళ ఊరు అనుకోవచ్చు. అలాంటి స్టాంటన్‌లు ఇంగ్లండు నిండా ఉన్నాయి, అదే లోయలో ఇంకాస్త పైకి వెళితే స్టాంటన్ లాంగ్ కూడా ఉంది. ఏ స్టాంటన్ అంటే లేసీ వాళ్ళ స్టాంటన్ అని గుర్తు చెప్పీ చెప్పీ, చివరికి ఆ గుర్తే ఊరి పేరులో కలిసిపోయింది. హెర్‌ఫర్డ్ వైపు హోమ్ లేసీ, మాన్సెల్ లేసీ అని ఇంకో రెండు ఊళ్ళున్నాయి. ఒక ఊరు తన పేరును ఒక కుటుంబానికిస్తే, ఆ కుటుంబం సముద్రం దాటి వచ్చి ఆ పేరును వేరే ఊళ్ళకి ఇచ్చింది. చర్చి ఉత్తరపు గోడ మీద సన్నని రాతి పట్టీలు నిలువుగా కనిపిస్తాయి. అవి సాక్సన్‌ల కాలం నాటివి, అంటే లేసీలు రాకముందువి. ఈ ఊరు ఉత్త స్టాంటన్‌గా ఉన్న రోజుల్ని చూసిన గోడ అది. దానికి ఆనుకుని కూర్చునే ఇంటినుంచి తెచ్చుకున్న పులిహోర తిన్నాను.

వేసవి సెలవుల్లో పోర్ట్స్‌మౌత్ నుంచి రాత్రి ఓడ ఎక్కాం, కారుతో సహా. తెల్లారేసరికి కాన్ రేవులో దిగాం. లాసీ అక్కణ్ణుంచి నైరుతి వైపు 40 కిలోమీటర్లకు పైనే. దారంతా ఎత్తైన కంచె చెట్లు, వాటి వెనక పచ్చిక పొలాలు, ఆవులు. 1944 ఆగస్టులో ఈ కంచెల మధ్యే బ్రిటిష్ సైన్యం జర్మన్లతో పోరాడింది. దగ్గర్లోని మోంట్ పిన్సోన్ కొండను ఆ నెల 6న పట్టుకున్నారు. కుర్రవాళ్ళు ఎంతోమంది పోయారిక్కడ. ఆ దారిలో మా మాటలు వాటంతటవే తగ్గిపోయాయి.

ఊరి మొదట్లో ఎర్ర అంచు ఉన్న తెల్ల బోర్డు మీద పేరు కనపడింది. ఫ్రెంచి రాతలో మధ్య అక్షరాలు వేరే, పలుకు కూడా లేసీ కాదు, లాసీ. కారు పక్కకి ఆపి దిగాను. ఆ పేరు వెనక కూడా ఒక మనిషి ఉన్నాడు. రోమన్ల కాలంలో ఈ ప్రాంతంలో భూస్వామి పేరుకి '-ఆకుమ్' అని చేరిస్తే 'అతని పొలం' అని అర్థం. అది అరిగి అరిగి చివర 'ఈ' అని మిగిలింది. మనిషి పేరు ఊరిదయింది, ఊరి పేరు ఇంటిదయింది, ఇంటి పేరు మళ్ళీ ఇంకో ఊరిదయింది. ఊళ్ళో చూడ్డానికంటూ ఏమీ లేదు. లేసీల కోట లేదు, వాళ్ళ బొమ్మా లేదు. ఇక్కడ వాళ్ళు పెద్ద ప్రభువులు కూడా కారు, బాయూ బిషప్ కింద కొంచెం భూమి ఉన్నవాళ్ళు. అలాంటి ఇంటివాళ్ళలో ఒక శాఖ ఇంగ్లండులో పాంటిఫ్రాక్ట్ కోటను ఏలింది. ఇంకో శాఖలోని హ్యూకి 1172లో రెండవ హెన్రీ రాజు ఐర్లండులో మీత్ ప్రాంతమంతా రాసిచ్చాడు. అక్కడి ట్రిమ్ కోటను మొదలుపెట్టింది ఆ హ్యూనే. ఆ పల్లెలో నిలబడి ఇదంతా తలుచుకుంటే నాకు నమ్మబుద్ధి కాలేదు.

అక్కణ్ణుంచి తూర్పుకి, సెయిన్ నది మీదున్న లెజాండెలీకి వెళ్ళాం. అక్కడి షాటో గయ్యార్ కోట కోసమే ఈ యాత్రలో ఒక రోజు ఎక్కువ పెట్టుకున్నాను. ఇంగ్లండు రాజు, సింహహృదయుడు రిచర్డ్ 1196లో మొదలుపెట్టి రెండేళ్ళలో కట్టించిన కోట అది. సుద్దరాతి కొండ అంచున ఇప్పుడు శిథిలాలే మిగిలాయి. 1203లో ఫ్రాన్సు రాజు ఫిలిప్ దాన్ని ముట్టడించినప్పుడు లోపల కోటను కాచింది రోజర్ ద లాసీ. రక్తసంబంధం చూస్తే ఈయన నేరుగా లేసీ కాదు. 1193లో పాంటిఫ్రాక్ట్ శాఖలో చివరి మగవాడు పిల్లలు లేకుండా పోతే, ఆడవాళ్ళ వైపు నుంచి ఆస్తి ఈయనకి వచ్చింది. మన దగ్గర దత్తత వెళ్ళినవాళ్ళలాగా ఆస్తితో పాటు ఇంటిపేరూ తీసుకున్నాడు.

ముట్టడి చలికాలమంతా సాగింది. తిండి అయిపోతోందని, కోటలో తలదాచుకున్న ఊరివాళ్ళని రోజర్ బయటికి పంపేశాడు. మొదట కొందరిని దాటనిచ్చిన ఫిలిప్ తర్వాత వచ్చినవాళ్ళని ఆపేశాడు. కోటలోకీ రానివ్వక, శత్రువులూ దాటనివ్వక, వందల మంది పిల్లాజెల్లాతో ఈ కొండ వాలు మీద ఆకలికి మాడిపోయారు. నేను ఆ వాలు మీద నుంచే ఎక్కి వచ్చాను. గడ్డి, చిన్న చిన్న పసుపు పూలు, కింద నిదానంగా వంపు తిరిగే నది. ఆ సంగతి ముందే చదివి వచ్చినా, అక్కడ కాళ్ళు పెట్టాక మాత్రం నాకు కన్నీళ్ళాగలేదు. రోజర్ శౌర్యాన్ని పొగిడేవాళ్ళు ఆ ఊరివాళ్ళని కూడా గుర్తుపెట్టుకోవాలి.

1204 మార్చి 6న కోట పడిపోయింది, జూన్‌లో రువాన్ నగరం లొంగిపోయింది. నార్మండీ ఇంగ్లండు రాజు చేయి జారిపోయింది. రెండు వైపులా భూములున్న ప్రభువులు ఏదో ఒక రాజుని ఎంచుకోవాల్సి వచ్చింది. లాసీ శత్రుదేశంలో ఊరయింది. పేరు మాత్రం అవతలి ఒడ్డున ఇంకో వందేళ్ళు 'ద లాసీ'గానే సాగింది. 1311లో రోజర్ వంశంలోని హెన్రీ ద లాసీ కొడుకులెవరూ బతికి లేకుండా చనిపోయాడు, ఆస్తి కూతురు ఆలిస్‌కి వెళ్ళింది.

లాసీలో పోస్ట్‌కార్డు దొరకలేదు. కొండ దిగి వచ్చాక లెజాండెలీలో కోట బొమ్మ ఉన్న కార్డు ఒకటి కొన్నాను. వెనక పెద్దావిడ పేరు రాసి, దాని పక్కన లేసీ అని రాస్తూ, మధ్యలో ఒక చిన్న 'ద' చేర్చాను. స్టాంపు అంటించి పసుపు డబ్బాలో వేశాను.