ఒంగోలు ఓటు నెల్లూరుకి మార్చుకున్న తిప్పలు

మేం ఒంగోలు నుంచి నెల్లూరు వేదాయపాలెం వచ్చి మూడేళ్లయినా ఓటు మాత్రం అక్కడే ఉండిపోయింది. 2024 మార్చి 16న ఎన్నికల షెడ్యూలు వచ్చింది, పోలింగ్ మే 13 అన్నారు, రెండు నెలలుంది కదా అని బద్ధకించాను.

ఏప్రిల్ మొదటి వారంలో ఆన్‌లైన్‌లో ఫారం-6 నింపి పంపేశా. ఉగాది మర్నాడు బీఎల్వో (మా బూత్ ఓటర్ల జాబితా చూసే ఉద్యోగి) మేడం ఇంటికొచ్చింది. "మీకు ఒంగోల్లో ఓటుందా సార్?" ఉందండీ అన్నా. "మరి ఫారం-6 ఎందుకు పెట్టారు? అది కొత్త ఓటుకి. ఇంకెక్కడా ఓటు లేదని మీరే ఒప్పుకున్నట్టు, అబద్ధమైతే ఏడాది దాకా జైలు అని అందులోనే ఉంది, చదవలేదా?" చదివితే కదా! నియోజకవర్గం మారినా సరే, 2022 నుంచి ఇల్లు మారితే ఫారం-8 అట. నాకు తెలిసింది పాత పద్ధతి.

అసలు టెన్షన్ తేదీ దగ్గర వచ్చింది. నామినేషన్లకు ఆఖరు ఏప్రిల్ 25, అది దాటితే జాబితాలో పేరు చేర్చడానికి చట్టం ఒప్పుకోదు. అలాగని 25 దాకా మనకు టైం ఉన్నట్టు కాదు. అప్లికేషన్ అందాక అభ్యంతరాలకు 7 రోజులు ఆగాలి, బీఎల్వో వచ్చి విచారించాలి, ఆపైన ఈఆర్వో (నియోజకవర్గ ఓటర్ల నమోదు అధికారి) ఆమోదించాలి. అందుకని 10 రోజుల ముందు, అంటే 15వ తేదీలోపు వచ్చినవే ఈ ఎన్నికకు లెక్క.

అడ్రసు రుజువుకి చూస్తే నా అద్దె అగ్రిమెంటు నోటరీది, రిజిస్టరైందే కావాలంట. కరెంటు బిల్లు ఓనరు పేరు మీద. ఇక మిగిలింది పాస్‌బుక్, అందులోనేమో ఒంగోలు అడ్రసు. 11న రంజాన్, 13న రెండో శనివారం, మధ్యలో శుక్రవారం ఒక్కటే దొరికితే ఆఫీసుకు సెలవు పెట్టి బ్యాంకులో కూర్చుని అడ్రసు మార్పించుకున్నా. ఆ రాత్రే ఫారం-8 పంపించా. పాతది రిజెక్టయింది, ఇది ఓకే అయింది.

మా బావమరిది మాత్రం "నామినేషన్లు 25 దాకా కదా బావా" అంటూ తన ఫారం-8 20న పెట్టాడు. ఎన్నికలయ్యాకే చూస్తామన్నారు. పాత ఓటు ఎటూ పోలేదు కాబట్టి మే 13 పొద్దున్నే బస్సెక్కి ఒంగోలు వెళ్లి వేసొచ్చాడు, దారి పొడుగునా నాకు ఫోన్లు చేసి తిడుతూనే.