కోహ్లీకి మా ఊరి ఖాతా: 118, 117, 99, 65, 157, 0, 31, 65

2025 డిసెంబర్ 6న ఇక్కడ వైజాగ్‌లో దక్షిణాఫ్రికాతో మ్యాచ్ అయిన దగ్గర్నుంచి మా తమ్ముడిది ఒకటే పాట. "అక్కా, ఇంకా పదహారు కావాలి. అవ్వదు గానీ, వదిలెయ్." పదహారు అంటే ఏమిటో క్రికెట్ చూసేవాళ్లకు చెప్పక్కర్లేదు. సచిన్‌వి వంద సెంచరీలు, కోహ్లీవి అప్పటికి ఎనభై నాలుగు. వాడు గాజువాకలో ఉంటాడు, సచిన్ అంటే ప్రాణం. నేను మద్దిలపాలెంలో ఉంటాను, బళ్లో పిల్లలకు లెక్కలు చెబుతాను, కోహ్లీ ఆట అంటే ఇష్టం. మా ఇద్దరికీ ఈ గొడవ ఏళ్ల తరబడి నడుస్తోంది. ఫోన్‌లో తేలేలా లేదని ఇక్కడ రాస్తున్నాను. వాడు ఎలాగూ చదువుతాడు.

ముందు వాడికి రావాల్సింది వాడికి ఇచ్చేస్తాను. కోహ్లీ ఆ ఎనభై నాలుగు సెంచరీల్లో టెస్టులవి 30, వన్డేలవి 53, టీ20లది ఒక్కటి. టీ20లు 2024 వరల్డ్ కప్ గెలిచిన రోజునే మానేశాడు, టెస్టులు 2025 మే 12న. ఇక మిగిలినవి వన్డేలు. వాటిని ఇప్పుడు బోర్డులే సరిగ్గా పెట్టట్లేదు. ముప్ఫై ఏడేళ్లు నిండిన మనిషి ఆ కొద్దిపాటి మ్యాచ్‌ల్లో పదహారు కొట్టాలంటే, 2027 వరల్డ్ కప్ దాకా ఆడినా కుదిరే పని కాదు. కాబట్టి "అవ్వదు" అన్నదాంతో నాకు పేచీ లేదు. పేచీ అంతా "వదిలెయ్" దగ్గరే.

మొత్తం ఎన్ని అని చూస్తే ఆటగాడు కనిపించడు, అంకె కనిపిస్తుంది. అదే ఒక ఊళ్లో, ఒక గ్రౌండ్‌లో, పదిహేనేళ్లలో ఆడిన వన్డేలన్నీ వరసగా పెట్టుకుని చూస్తే మనిషి ఎలా ఎదిగాడో, ఎక్కడ తడబడ్డాడో తెలుస్తుంది. అదృష్టం కొద్దీ ఆ గ్రౌండ్ మన వైజాగ్‌దే. మధురవాడ దాటక ముందే, పీఎం పాలెంలో, వెనక కొండలు పెట్టుకుని.

మొదటిది 2010 అక్టోబర్ 20, ఆస్ట్రేలియా మీద. ఆ సిరీస్‌లో కొచ్చి మ్యాచ్ వానకు పోయింది, తర్వాత గోవా మ్యాచ్ కూడా వానకే పోయింది. మూడింటిలో జరిగింది వైజాగ్ మ్యాచ్ ఒక్కటే, అంటే సిరీస్ మొత్తం ఇక్కడే తేలింది. మైకేల్ క్లార్క్ 111 నాటౌట్, వాళ్లు 289. మన వైపు ఆ రోజే మొదటి మ్యాచ్ ఆడుతున్న శిఖర్ ధావన్ సున్నాకు వెళ్లిపోయాడు. అప్పుడు కోహ్లీకి ఇంకా ఇరవై రెండు కూడా నిండలేదు. 121 బంతుల్లో 118 చేశాడు. యువరాజ్‌తో కలిసి ఇన్నింగ్స్‌ను నిలబెడితే, తర్వాత రైనా దంచేశాడు. ఐదు వికెట్లతో గెలిచాం. వన్డేల్లో అది అతనికి మూడో సెంచరీ. కోల్‌కతాలో శ్రీలంక మీద మొదటిది, మీర్పూర్‌లో బంగ్లాదేశ్ మీద రెండోది. మూడూ రెండో బ్యాటింగ్‌లో కొట్టినవే, మూడూ గెలిచినవే. తర్వాత జనం "ఛేజ్ మాస్టర్" అని పేరు పెట్టారు గానీ, పునాది అక్కడే పడిపోయింది. 2025 డిసెంబర్ నాటికి ఉన్న 53లో కూడా సగానికి పైగా ఛేజింగ్‌లో వచ్చినవే. మా తమ్ముడు ఈ వాక్యం దగ్గర కాసేపు ఆగితే బావుంటుంది.

మరుసటేడు డిసెంబర్ 2న వెస్టిండీస్. ఆ మ్యాచ్ అనగానే నాకు ముందు గుర్తొచ్చేది రవి రాంపాల్. పదో నంబర్‌లో వచ్చి 86 నాటౌట్ కొట్టాడు, ఆ స్థానంలో వచ్చినవాళ్లెవరూ వన్డేల్లో అన్ని పరుగులు చేసి ఉండలేదు. బౌలర్ చేత అంత కొట్టించుకున్నాక మన స్టాండ్స్‌లో మొహాలు ఎలా ఉంటాయో ఊహించుకోండి. మళ్లీ కోహ్లీ 117, చివరిదాకా నిలబడిన రోహిత్ 90, మళ్లీ ఐదు వికెట్లతోనే గెలుపు.

ఇక 2013 నవంబర్ 24. నా మట్టుకు మన ఊరి ఖాతాలో అసలైన ఇన్నింగ్స్ ఇది, సెంచరీల పట్టికలో కనపడనిది కూడా ఇదే. సరిగ్గా వంద బంతులు ఆడి 99 చేశాడు. అవుట్ చేసింది ఎవరనుకున్నారు? ఆ రాంపాలే. రెండేళ్ల కిందట బ్యాట్‌తో ఏడిపించినవాడు ఈసారి బంతితో ఏడిపించాడు. నేను ఆ రోజు స్టాండ్స్‌లో ఉన్నాను. మా ముందు వరసలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన పెద్దాయన ఒకాయన తల పట్టుకుని "ఏటి గురూ, ఇలాగైపోనాది" అన్నాడు. పక్కన కుర్రాళ్లు అప్పటికే సెంచరీ కోసం బ్యానర్ విప్పి పట్టుకున్నారు, దాన్ని ఏం చేయాలో తెలియక మడతపెట్టారు, మళ్లీ విప్పారు. మనం 288 చేశాం, సామీ నిలబడి కొట్టడంతో వాళ్లు రెండు వికెట్ల తేడాతో, ఇంకా మూడు బంతులుండగా గెలిచారు.

ఇక్కడే నాకు సెంచరీల లెక్క మీద చిరాకు. ఆ ఒక్క పరుగు వచ్చి ఉంటే 2025 డిసెంబర్ నాటికి వన్డే సెంచరీలు 54, మొత్తం 85. రాలేదు కాబట్టి ఆ ఇన్నింగ్స్ ఏ పట్టికలోనూ లేదు. బళ్లో 34 వస్తే ఫెయిల్, 35 వస్తే పాస్ అని మార్కులు వేసేదాన్నే నేను కూడా. ఎక్కడో ఒక గీత గీయాలి, అది నాకు తెలుసు. కానీ ఆ గీత చూసి పిల్లవాడికి ఎంత వచ్చో చెప్పేయమంటే మాత్రం నేను చెప్పను.

2014లో అక్టోబర్ 14న మళ్లీ వెస్టిండీస్‌తోనే మ్యాచ్ ఉండాలి. 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. ఊళ్లో చెట్టన్నది నిలబడలేదు, ఇక మ్యాచ్ ఎక్కడిది.

2016 మన ఊరికి పండగ సంవత్సరం. దీపావళి ముందు రోజు న్యూజిలాండ్‌తో ఆఖరి వన్డే, సిరీస్ అప్పటికి 2-2. మనవాళ్లు అమ్మల పేర్లున్న జెర్సీలు వేసుకున్నారు, అమిత్ మిశ్రా 18 పరుగులకు ఐదు వికెట్లు తీస్తే వాళ్లు 79కే ముగిశారు. కోహ్లీ ఆ రోజు 65. మూడు వారాలు తిరక్కుండానే మన స్టేడియంలో మొదటి టెస్టు, ఇంగ్లండ్ మీద. కోహ్లీకి అది యాభయ్యో టెస్టు. మొదటి ఇన్నింగ్స్‌లో పుజారా 119, కోహ్లీ 167. అందరూ ఆ 167 చెబుతారు. నేనైతే రెండో ఇన్నింగ్స్‌లో చేసిన 81 చూడమంటాను. బంతి ఒకసారి కాళ్ల దగ్గరే ఉండిపోతోంది, ఒకసారి పైకి లేస్తోంది. జట్టు మొత్తం చేసిందే 204. అందులో 81 ఒక్కడివి. ఇది కూడా సెంచరీ కాదు కాబట్టి లెక్కలో లేదు, చూశావా తమ్ముడూ.

2018 అక్టోబర్ 24 మ్యాచ్ నిజానికి మనది కాదు, ఇందోర్‌ది. అక్కడ ఫ్రీ పాసుల దగ్గర గొడవ వచ్చి ఇక్కడికి మార్చారు. పాసుల తగాదా పుణ్యమా అని పది వేల పరుగుల మైలురాయి వైజాగ్ చూసింది. కోహ్లీకి 81 కావాలి, 157 నాటౌట్ చేశాడు, 129 బంతుల్లో. 205 ఇన్నింగ్స్‌ల్లో పది వేలు. సచిన్‌కు 259 పట్టాయి. వన్డేల్లో అది 37వ సెంచరీ. దానికి ముందు గువాహటిలో 140, దాని తర్వాత పుణెలో 107, వరసగా మూడు. అంత చేసినా గెలిచామా అంటే లేదు. వెస్టిండీస్ ఆటగాడు షై హోప్ ఆఖరి బంతికి ఫోర్ కొట్టి మ్యాచ్ టై చేశాడు, రెండు జట్లూ 321.

"చూశావా అక్కా, 157 కొట్టినా గెలిపించలేదు" అని వాడు ఇప్పటికీ అంటాడు. సరే. సచిన్ తొంభై తొమ్మిదోది 2011 వరల్డ్ కప్‌లో నాగ్‌పుర్‌లో, దక్షిణాఫ్రికా చేతిలో ఓడిపోయాం. వందోది ఏడాది తర్వాత మీర్పూర్‌లో, బంగ్లాదేశ్ చేతిలో ఓడిపోయాం. హైదరాబాద్‌లో 2009లో ఆస్ట్రేలియా మీద 175 కొట్టాడు, 351 ఛేజింగ్‌లో, మూడు పరుగుల తేడాతో పోయింది. ఆ 175 చూసి ఏడవని తెలుగువాడు ఉన్నాడా? ఓడిపోయాం కదా అని దాన్ని తీసేద్దామా? నువ్వు తీయవు. నేనూ తీయను. (సచిన్‌కు హైదరాబాద్‌లో 186 నాటౌట్, 102, ఈ 175 ఉన్నాయి. వైజాగ్‌లో ఒక్క సెంచరీ కూడా లేదు. వాడి అసలు బాధ ఇదేనని నా అనుమానం.)

తర్వాతి రెండూ త్వరగా చెప్పేస్తాను, చెప్పుకోడానికి ఏమీ లేదు. 2019 డిసెంబర్‌లో వెస్టిండీస్ మీద రోహిత్ 159, రాహుల్ 102. ఇద్దరూ కలిసి రెండొందల ఇరవై ఏడు కొట్టేదాకా జనం కోహ్లీ ఎప్పుడొస్తాడా అని చూశారు. వచ్చాడు, పొలార్డ్ వేసిన మొదటి బంతికే వెళ్లిపోయాడు. 2023 మార్చిలో ఆస్ట్రేలియా బౌలర్ స్టార్క్ ధాటికి మనం 117కే ఆలౌట్. అందులో ఎక్కువ కొట్టింది కోహ్లీయే, 31.

ఆ సున్నాకు నెల ముందు, 2019 నవంబర్‌లో, కోల్‌కతాలో బంగ్లాదేశ్ మీద చేసినది డెబ్బయ్యో సెంచరీ. డెబ్బై ఒకటోది 2022 సెప్టెంబర్ 8న దుబాయ్‌లో అఫ్గానిస్తాన్ మీద వచ్చింది, అదీ టీ20లో. 2017లో పదకొండు, 2018లో పదకొండు కొట్టినవాడికి మధ్యలో దాదాపు మూడేళ్లు ఒక్కటీ లేదు. వంద అందకుండా పోయింది ఇక్కడే. ఇప్పుడు పదహారు లెక్కపెట్టి లాభం లేదు. అయినా తిరిగొచ్చి 2023 వరల్డ్ కప్ సెమీస్‌లో వాంఖడేలో సచిన్ ముందే యాభయ్యో వన్డే సెంచరీ కొట్టి, ఆయన 49ని దాటాడు. వన్డేల రికార్డు చేతికొచ్చేసింది తమ్ముడూ, దాన్ని మరిచిపోకు.

ఇక మొన్నటిది, దక్షిణాఫ్రికా సిరీస్. రాంచీలో 135, రాయ్‌పుర్‌లో 102. మూడోది వైజాగ్‌లో అని ఊరంతా ఫిక్సయిపోయింది, టికెట్ల కోసం ఎవరెవరో ఫోన్లు చేశారు. ముందు టాసే ఒక వింత. వన్డేల్లో వరసగా ఇరవై టాసులు ఓడిన జట్టు, రాహుల్ ఎడమ చేత్తో కాయిన్ ఎగరేస్తే గెలిచింది. డిసెంబర్ రాత్రి మంచు పడుతుందని మనకు తెలిసిందే, ముందు వాళ్లకే బ్యాటింగ్ ఇచ్చారు. 270. రోహిత్ 75 చేసి అవుటయ్యేసరికి స్కోరు 155. అంటే కావాల్సింది 116. అవతల జైస్వాల్ తన మొదటి వన్డే సెంచరీ వైపు వెళ్తున్నాడు. లెక్క వేసుకుంటే కోహ్లీకి నూరు అసాధ్యమని అప్పుడే తెలుస్తుంది. మా పక్కింటి అబ్బాయి మాత్రం టీవీ ముందు "జైస్వాల్ సింగిల్స్ తియ్యొచ్చు కదా ఆంటీ" అంటూనే ఉన్నాడు.

కోహ్లీ 45 బంతుల్లో 65 నాటౌట్ చేశాడు. జైస్వాల్ 116 నాటౌట్. పది ఓవర్లు మిగిలుండగానే మ్యాచ్ అయిపోయింది. సెంచరీ కోసం టెన్షన్ లేదు కాబట్టో ఏమో, ఈ మధ్య అతను అంత హాయిగా ఆడటం నేను చూడలేదు. మర్నాడు సింహాచలం వెళ్లి అప్పన్నను దర్శించుకున్నాడు. "కప్పస్తంభాన్ని పట్టుకుని పదహారూ అడిగుంటాడు" అని మా వాడు మెసేజ్ పెట్టాడు.

వైజాగ్ వన్డేల్లో ఎనిమిది ఇన్నింగ్స్‌లు, 652 పరుగులు, రెండు నాటౌట్లు, సగటు 108కి పైన. సెంచరీలు మూడే. ఒరేయ్, నువ్వు హైదరాబాద్‌లో సచిన్ లెక్క ఇలాగే వరసగా రాసి పెట్టు, వందతో పోల్చకుండా. ఆదివారం భోజనానికి వచ్చినప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం. 99కి మాత్రం నేను నూటికి నూరు మార్కులు వేస్తాను, ముందే చెబుతున్నా.