ఆర్డరు వచ్చింది, థెరపిస్టు రాలేదు

న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో ఉంటున్నాం. మా అబ్బాయికి ఎనిమిదేళ్ళు, మాట స్పష్టంగా రాదు. ఐఈపీలో, అంటే ప్రత్యేక సాయం కావలసిన పిల్లలకు స్కూలు ఏమేమి ఇవ్వాలో రాసే ప్రణాళికలో, ఉన్న స్పీచ్ థెరపీ నెలల తరబడి అందకపోవడంతో నగర స్కూళ్ళ శాఖ మీద ఫిర్యాదు వేశాను. వీడియోలో జరిగిన విచారణ గంటన్నరలో ముగిసింది. ఈ రాష్ట్రంలో రుజువు చేసే భారం తల్లిదండ్రులది కాదు కనుక నాకు పెద్దగా మాట్లాడవలసిన అవసరమే రాలేదు. పోయిన థెరపీకి బదులుగా 60 గంటలు ఇవ్వాలని ఆర్డరు వచ్చిన రోజున ఇంట్లో పరమాన్నం వండుకున్నాం.

తొందరపడ్డామని తరువాత తెలిసింది. సుమారు 9 లక్షల మంది పిల్లలు చదివే ఈ నగరంలో, గెలిచిన ఆర్డరు కాగితం మీదే ఉండిపోవడం పాత జబ్బు. దాని మీదే 2003లో కొందరు తల్లిదండ్రులు ఫెడరల్ కోర్టుకు వెళ్ళగా, 2007లో రాజీ కుదిరింది. ఆర్డరులో గడువు రాయకపోతే 35 రోజుల్లో అమలు చేయాలన్నది అందులోని మాట. అది ఏళ్ళ తరబడి నెరవేరకపోవడంతో 2021లో స్పెషల్ మాస్టర్‌ను, అంటే కోర్టు తరఫున అమలును పరిశీలించే వ్యక్తిని, నియమించారు. 2023 జూలైలో న్యాయమూర్తి లొరెట్టా ప్రెస్కా ఏమేమి మార్చాలో వరుసగా రాసి ఆదేశించారు. ఇదంతా చదివి ఉన్నాను కాబట్టే క్యాలెండరులో 35వ రోజు చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టాను. లెక్కలు చూసే ఉద్యోగం నాది. తేదీ విషయంలో నన్ను ఎవరూ మాయ చేయలేరని గర్వంగా ఉండేది.

నా చేతికి వచ్చింది థెరపిస్టు కాదు, థెరపిస్టుకు డబ్బు స్కూళ్ళ శాఖే కడుతుందని చెప్పే ఒక వోచరు. దాన్ని పట్టుకుని థెరపిస్టును మనమే వెతుక్కోవాలి. పదిహేడు చోట్లకు ఫోను చేశాను. వోచరు అన్న మాట వినగానే కొందరి గొంతు మారిపోయేది. కొందరు మా పేట పేరు విని అంత దూరం రాలేమనేవారు. పద్దెనిమిదో చోట ఒకావిడ ఒప్పుకున్నారు. మొదటి రోజు ఆవిడ బొమ్మలు చూపించి పేర్లు అడుగుతుంటే, పిల్లి బొమ్మకు మావాడు "పిల్లి" అన్నాడు. ఆవిడ ఇంటూ పెట్టారు. ఏనుగుకూ ఇంటూ, చెట్టుకూ ఇంటూ. అది తెలుగు మాటేనని చెప్పాను. ఇంట్లో తెలుగు మానేస్తే గాని వీడికి మాట రాదని, లోపమంతా మా పెంపకంలోనే ఉందన్నట్టుగా, వాడి ముందే అన్నారు. పిల్లలను వాళ్ళ సొంత భాషలో పరీక్షించాలని అమెరికా చట్టంలోనే ఉందని, రెండు భాషలు వినడం వల్ల మాట ఆలస్యం కాదని నాకు తెలుసు. తెలిసి కూడా ఆ నిమిషంలో నోరు పెగల్లేదు. ఆ రాత్రి గుంటూరు నుంచి అమ్మమ్మ ఫోను చేస్తే వాడు తలుపు చాటుకు వెళ్ళిపోయాడు.

మరునాడే ఆవిడను వద్దన్నాను. ఆ తొందరలో మూడు వారాలు పోయాయని మా ఆయన ఇప్పటికీ అంటారు. మళ్ళీ అదే పరిస్థితి వచ్చినా నేను అదే చేస్తాను.

36వ రోజు ఉదయం ఆర్డరు నకలుతో, ఏ రోజు ఎవరికి ఫోను చేశానో రాసిన పట్టికతో స్కూళ్ళ శాఖకు ఈమెయిలు పంపించాను. దయచేసి ఫోనులో మాత్రం బతిమాలకండి. ఫోనులో అందరూ మంచివాళ్ళే, రెండు రోజులకు ఒక్కరికీ మీ పేరు గుర్తుండదు. గుడిలో కలిసే పెద్దమనుషుల ఉచిత సలహాలనూ నమ్మకండి. లాయరు లేకుండా పని జరగదని నన్ను భయపెట్టినవాళ్ళు వాళ్ళే.

పదకొండు రోజులకు వేరే థెరపిస్టు వచ్చారు. ఆవిడ ఇంట్లో స్పానిష్ మాట్లాడతారట. వస్తూనే మావాడు వాడే తెలుగు మాటలన్నీ రాసి ఇమ్మని అడిగారు. నలభై రాసి ఇచ్చాను. నిన్నటికి 14 గంటలు పూర్తయ్యాయి, ఇంకా 46 రావాలి. వోచరు గడువు జూన్‌తో ముగుస్తుంది. పొడిగింపు కోసం నిన్న రాత్రే ఈమెయిలు పెట్టాను.