‘ఫీస్ట్’ కోసం మద్రాసు దాకా

హారర్ సినిమాల పిచ్చి ఉన్నవాళ్ళు నలుగురు చేరితే హాలీవుడ్ సినిమా ‘ఫీస్ట్’ ఊసు రాకుండా ఉండదు. హీరోని మొదట్లోనే లేపేస్తారని ఒకరు, అంత నెత్తురు ఏ రాక్షసి సినిమాలోనూ చూడలేదని ఇంకొకరు. వినీ వినీ, ఆ డీవీడీ మద్రాసులో మా మేనమామ దగ్గర ఉందని తెలిశాక నెల్లూరులో కూర్చోబుద్ధి కాలేదు. మామ సాలిగ్రామంలో సినిమా మేకప్ పని చేస్తాడు. తెలుగు సినిమా హైదరాబాదు తరలిపోయినా ఆయన అక్కడే ఉండిపోయాడు. రాక్షసుల సినిమాని, రాక్షసుల్ని చేత్తో తయారుచేసే మనిషి పక్కన కూర్చుని చూస్తే ఆ కిక్కే వేరు కదా!

పొద్దున రైలెక్కాను. గూడూరు, సూళ్ళూరుపేట, తడ. అక్కణ్ణుంచి స్టేషన్ బోర్డుల మీద అరవం మొదలవుతుంది గానీ, పెట్టెలో మాత్రం సెంట్రల్ దాకా తెలుగే. దిగి మెట్రోలో వడపళని వెళ్ళాను.

వాహినీ స్టూడియో ఉన్న చోటు చూడకుండా మామ ఇంటికి వెళ్ళాలనిపించలేదు. ‘పాతాళభైరవి’ (1951), ‘మాయాబజార్’ (1957) తయారైన నేల అది. ఇప్పుడక్కడ పెద్ద మాల్ ఉంది, ఆసుపత్రి ఉంది. ఎండలో కాసేపు నిలబడి చూశాను. కంప్యూటర్ గ్రాఫిక్స్ లేని రోజుల్లో మార్కస్ బార్ట్‌లే కెమెరా పనితనంతో ఘటోత్కచుడి నోట్లోకి లడ్లు వాటంతటవే ఎగిరి వెళ్ళింది ఇక్కడే. ఆ దృశ్యాన్ని ఈరోజు చూసినా మా ఇంట్లో పిల్లలు నోరు తెరుచుకుని చూస్తారు. ఆర్కాటు రోడ్డు నడుమ మెట్రో రెండో దశ స్తంభాలు లేచాయి. ఏవీఎం వాళ్ళ గ్లోబు కనిపించేసరికి ప్రాణం లేచొచ్చింది.

మామ ఇంటి ముందుగది సగం వర్క్‌షాపే. బల్ల మీద ఫోమ్ లాటెక్స్‌తో, అంటే నురగలాంటి మెత్తటి రబ్బరుతో చేసిన పంజా ఉంటే చేతికి తొడుక్కున్నాను. గోళ్ళు గట్టిగా ఉన్నాయి, వేళ్ళ సందుల్లో తోలు మెత్తగా ఉంది. వేలు మడిచినప్పుడల్లా కణుపు దగ్గర సన్నటి ముడతలు పడుతున్నాయి. “ఆ ముడత కోసమే ఇంత పాటు అబ్బయా. అది పడకపోతే రబ్బరని కెమెరా పట్టేస్తుంది” అన్నాడు మామ. పక్కన సీసాలో షూటింగ్ రక్తం. చిక్కటి సిరప్పులో ఎరుపు రంగు, దాన్ని కాస్త నల్లబరచడానికి మరో రంగు. ఉత్త ఎరుపైతే తెర మీద పెయింటులా కనిపిస్తుందట. రాక్షసి జొల్లుకి మిథైల్ సెల్యులోజ్ పొడి. నీళ్ళలో కలిపి వేలితో పైకి లాగి చూపించాడు. తీగ తెగకుండా మోచేతి దాకా సాగింది. హాలీవుడ్‌లో వాడేదీ అదే.

భోజనాలయ్యాక డిస్కు పెట్టాం. కథ అంటూ పెద్దగా లేదు. ఎడారిలో ఒక బారు, అందులో ఎక్కడెక్కడి జనమో, బయట మనుషుల్ని తినే జంతువులు. ఒక్కో పాత్ర రాగానే బొమ్మ ఆగిపోయి, పేరూ ఎంతసేపు బతుకుతాడన్నదీ తెర మీద పడతాయి. హీరో అంటే ఆ పాత్ర పేరే హీరో. తెగిన రాక్షసి తల పట్టుకుని వచ్చి, మిమ్మల్ని కాపాడేది నేనే అన్నట్టు నిలబడతాడు. మరుక్షణం కిటికీలోంచి వచ్చిన జంతువు అతని పని పట్టేస్తుంది. సంగతి ముందే తెలిసి కూడా నేను ఉలిక్కిపడ్డాను. ఆ తర్వాత చిన్నపిల్లాణ్ణి కూడా వదలకపోయేసరికి అత్తయ్య లేచి లోపలికి వెళ్ళిపోయింది. అప్పటిదాకా హీరోయిన్‌ని చూపిస్తూ “ఆ పిల్ల మనవాళ్ళలా ఉందే” అంటూ చూసింది. హీరోయిన్ నవీ రావత్ తండ్రి భారతీయుడే.

“ఎంతలో తీశారు?” అని అడిగాడు మామ. ముప్పై లక్షల డాలర్ల పైచిలుకు, అప్పటి లెక్కన మన డబ్బులో 13, 14 కోట్లు. హాలీవుడ్‌కి అది చిల్లర. మాట్ డేమన్, బెన్ అఫ్లెక్ నడిపిన ‘ప్రాజెక్ట్ గ్రీన్‌లైట్’ టీవీ షో మూడో సీజన్లో, కొత్త దర్శకుడు జాన్ గులాగర్‌కి దక్కిన అవకాశం ఇది. బారులో మందు పోస్తూ కనిపించే ముసలాయన దర్శకుడి కన్నతండ్రి క్లూ గులాగర్. సొంతవాళ్ళకి వేషాలిస్తానని కొడుకు పట్టుబట్టడం ఆ షోలోనే పెద్ద గొడవైంది. చూశాక నేను కొడుకు పక్షమే. పెద్దాయన తెర మీద ఉన్నంతసేపూ ఆ బారు నిజమనిపిస్తుంది.

మరి అందరూ పొగిడినంత ఉందా అంటే, మొదటి అరగంటకి ఉంది, అంతకంటే ఎక్కువే ఉంది. ఎవరు మిగులుతారో ఊహించే దారి మూసేశాక ప్రతి నిమిషం టెన్షనే. నడుమ మాత్రం జారింది. కెమెరా ఊగిపోతుంది, చీకటి, ఎవరిని ఏది పట్టుకుందో తెలియదు. నాకు చిరాకేసింది. మామ రిమోట్ తీసుకుని ఒక్కో ఫ్రేమూ ఆపి చూపించాడు. “రాక్షసి సూటు ఎక్కువసేపు చూపిస్తే అతుకు కనిపిస్తుంది. డబ్బు లేనివాడు కట్‌లో దాచుకుంటాడు” అన్నాడు. కారణం ఒప్పుకున్నాను గానీ, ప్రేక్షకుడికి దక్కాల్సింది దక్కలేదనే అన్నాను. వాంతులూ బూతులూ నిండిన హాస్యంలో సగం తీసేసినా నష్టం లేదు. పిల్లలున్న ఇంట్లో దీన్ని పెట్టకండి.

మామ మనసు పారేసుకున్నది హీరో చావు దగ్గర కాదు, బీరు తాగే లావాటి మనిషి దగ్గర. జంతువు అతని మీద కక్కుతుంది. అప్పట్నుంచి సినిమా సాగేకొద్దీ అతని ముఖం కుళ్ళిపోతూ వస్తుంది. మర్నాడు కాఫీ తాగుతూ ఆ ముక్కలు మాత్రమే మళ్ళీ పెట్టించాడు. ముఖంలో ఏ భాగం ముందు పాడైంది, ఏది తర్వాత అని కాగితం మీద బొమ్మలు గీసుకుంటూ, “మేకప్ పనికి గ్యారీ టనిక్లిఫ్ అని పేరు వేశాడు చూడు. పని తెలిసినవాడు” అన్నాడు. సాయంత్రం రైలుకి నేను బయల్దేరే వేళకి వర్క్‌షాపులో కుర్రాడి చెంప మీద మొదటి దశ లాటెక్స్ పూత ఆరుతోంది.